ఈరమ్మ చేతి ముద్ద

పోయిన వారం ఈరమ్మను గడపలోనే నిలబెట్టి వచ్చాం. రెండువేల తొమ్మిది, మే నెల ఎండ. నాచారం పాత ఊరి సందులో ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పడుచుపిల్ల చేతిలో కత్తిరించిన ఖాళీ ప్యాకెట్ ఉంది. ప్యాకెట్ మీద ఈరమ్మ బొమ్మ ఉంది. "గీ బొమ్మ నీదేనా అవ్వా?" అని ఆ పిల్ల అడిగింది. ఈరమ్మ ఇంకా జవాబు చెప్పలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ఈరమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. నాచారంలో ఫ్యాక్టరీల గొట్టాలు లేవకముందు నుంచీ ఉన్న ఇల్లు ఆమెది. ఆ సందుల్లో ఎవరింట్లో పసిపిల్లకు ఆరో నెల నిండినా, తొలి ముద్ద ఈరమ్మ చేతనే పెట్టిస్తారు. ఆమె ముద్ద తిన్న పిల్లలు తిండి దగ్గర మారాం చెయ్యరని నమ్మకం. రెండేళ్ల కింద రుచిధార ఫుడ్స్ అనే కంపెనీ ఆ నమ్మకానికి ఫొటో తీసి, 'ఈరమ్మ చేతి కిచిడి' అని పేరు పెట్టి, ప్యాకెట్ మీద అచ్చేసుకుంది. ఈరమ్మ కొడుకు మహిపాల్ ఆ కంపెనీలోనే ఉద్యోగి. ఆ ప్యాకెట్లను ఉప్పల్ చుట్టుపక్కల దుకాణాలకు వేసే పని అతనిది. ఇక గడప దగ్గరికి పోదాం.

"నాదే బిడ్డా," అంది ఈరమ్మ, మోకాలి నొప్పికి ద్వారబంధం పట్టుకుని. "లోపటికి రా, ఎండల నిలవడ్డవు. ఎవలింటి పిల్లవు?"

"కూసుంటందుకు రాలే అవ్వా." ఆ పిల్ల గొంతు వణకలేదు. అందుకే ఈరమ్మకు ఎక్కడో బెదురు పుట్టింది. "పీర్జాదిగూడ నుంచి అచ్చిన. నా పేరు గౌతమి. నా పెనిమిటి దయాకర్. చిన్నప్పుడు గీ సందులనే ఉన్నరంట. ఆయనకు తొలి ముద్ద నువ్వే పెట్టినవంట."

ఈరమ్మ కళ్లు చిన్నవి చేసుకుంది. ముద్ద పెట్టిన పిల్లలు ఆమెకు పేర్లతో గుర్తుండరు, నోళ్లతో గుర్తుంటారు.

"పెదవి మీద పుట్టుమచ్చ ఉంటది. వాడేనా?"

"ఆయనే."

"ముద్ద పెడితే నా ఏలు పట్టి చీకిండు, ఇడిచిపెడితే ఒట్టు. వానికి బిడ్డ పుట్టిందా? ఎన్నో నెల?"

"ఏడోది. నీ కోసం రెండుసార్లు అచ్చినం. తాళమేసి ఉండె."

అది నిజమే. ఈరమ్మ మోకాలికి పసరు కట్టు కట్టించుకోవడానికి భువనగిరిలో పెద్దకూతురి దగ్గర నెల రోజులు ఉండి వచ్చింది. కోడలు నీలవేణి కూడా పురిటికి పోయిన తల్లిగారింటి నుంచి మొన్ననే పిల్లనెత్తుకుని తిరిగొచ్చింది.

"రెండోసారి ఉత్తగనే మర్లిపోతుంటే మా ఆయన అన్నడు. అవ్వ లేకపోతేంది, అవ్వ చేతి బువ్వ దుకాణంల దొరుకుతున్నది గద అన్నడు. నాకు గూడ సబబే అనిపించింది." గౌతమి చేతిలోని ప్యాకెట్‌ను చదును చేసింది. "నీ బొమ్మకు కుంకుమ పెట్టిన అవ్వా. పీట మీద నిలవెట్టిన. పిల్ల మొఖం నీ దిక్కు తిప్పి, నువ్వే పెడుతున్నవనుకొని పెట్టిన."

ప్యాకెట్ ముందుకు చాపింది. బొమ్మలో ఈరమ్మ నుదుట, అచ్చు బొట్టు పైన, అసలు కుంకుమ ఎండి అంటుకుని ఉంది.

ఈరమ్మ దాన్ని అందుకోలేకపోయింది. "పెట్టినంక?"

"పొద్దుగూకేటాళ్లకు పెదవులు ఉబ్బినయ్. కక్కింది. నీళ్లు తాపిస్తే నీళ్లు కక్కింది. దవాఖానల రెండు దినాలు గ్లూకోజు ఎక్కిచ్చిన్రు. చేతికి నరం దొరకలేదని తలకు గుచ్చిన్రు సూది. ఆరు నెలల పిల్లకు గింత ఉప్పు, గింత మసాలా ఎవలు పెట్టమన్నరని డాక్టరమ్మ గుస్స జేసింది. ఈరమ్మ పెట్టమన్నదని చెప్పిన. ఎవలా ఈరమ్మ అంటే గిది చూపిచ్చిన. నర్సులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్విన్రు."

"ఇప్పుడెట్లున్నది పిల్ల?"

"బతికింది. మా అమ్మ దగ్గర పండవెట్టి అచ్చిన. పాలు తాగుతున్నది. చెంచా కనవడితే మాత్రం పెదవులు బిగవట్టి మొఖం తిప్పుతది. నీ ముద్ద తిన్న పిల్ల తిండికి మారాం చెయ్యదన్నరు గద. నా పిల్ల నోరే తెరుస్తలేదు."

ఇంతకాలం ఈరమ్మను చాలామంది చాలా మాటలన్నారు. నోరు పెద్దదన్నారు, మొండిదన్నారు. చెయ్యి చెడ్డదని మాత్రం ఎవరూ అనలేదు.

"అది నా చెయ్యి కాదు బిడ్డా."

"బొమ్మ నీది, పేరు నీది. చెయ్యి ఒక్కటే కాదా? మరి ఎవలదది?" గౌతమి ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి, అతుకు కింద గోరుతో చూపించింది. "ఈడ సూడు. మూడేండ్ల లోపు పిల్లలకు పెట్టొద్దని ఇంగ్లీషుల రాసిన్రు. దవాఖానల కూసున్నంక కండ్లవడ్డది నాకు. నీ మొఖం అరచెయ్యంత అచ్చేసిన్రు. గా మాట చీమ తలకాయంత."

ఈరమ్మ వెనక్కి తిరిగి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. గౌతమి ఆ నడక చూసి, తనకే తెలియకుండా గడప దాటి వచ్చింది.

వంటింటి అరలో ప్యాకెట్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. పది పన్నెండు మంది ఈరమ్మలు, అందరూ ఒకటే తీరుగా నవ్వుతున్నారు. కంపెనీలో మూలలు నలిగిన ప్యాకెట్లను మహిపాల్ ఇంటికి తెస్తాడు. మొదట్లో రోజుకొకటి, తర్వాత పూటకొకటి. నీలవేణి పురిటికి పోకముందు కుట్టు కంపెనీలో ఎనిమిది గంటలు మిషన్ తొక్కి వచ్చేది, ఈరమ్మకు పొయ్యి దగ్గర నిలబడితే మోకాళ్లు పట్టేసేవి. వేడినీళ్లు పోస్తే అయ్యే పనికి ఇద్దరూ లోలోపల సంతోషపడ్డారు. అలా ఆ ఇంటి పొయ్యి రెండేళ్లుగా నీళ్లు కాగబెట్టడానికే వెలుగుతోంది. తన బొమ్మను కత్తెరతో అడ్డంగా కోసి, అందులోది వంచుకుని తినే మనిషి నాచారం మొత్తంలో తానొక్కతే కాబోలు. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు మురిసిపోయింది కూడా. ఆ సంగతి గుర్తొచ్చి ఇప్పుడు ఈరమ్మకు ఒళ్లు మండింది.

ఒక ప్యాకెట్ చింపి అరచేతిలో పోసుకుంది. పసుపుపచ్చని పొడి, ఎండిన కూరగాయల పెళ్లలు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పప్పు వాసన లేదు, బియ్యం వాసన లేదు. మందుల దుకాణం అర తెరిచినట్టుంది. ఇన్నాళ్లూ వాసన చూడాలని ఎందుకు తోచలేదో.

అప్పుడే బయట బైకు ఆగింది. మహిపాల్ తిండికి వచ్చాడు. చొక్కా జేబు మీద కంపెనీ పేరు, నడుముకు ఫోను సంచి.

"ఎవలమ్మా గీమె?"

"నీ ప్యాకెట్ తిని దవాఖాన పాలైన పిల్ల తల్లి," అంది ఈరమ్మ. అరచేతిలో పొడి అలాగే పట్టుకుని వచ్చి జరిగిందంతా చెప్పింది. ఒక్క మాట వదల్లేదు.

మహిపాల్ గౌతమి వైపు తిరిగాడు. "అక్కా, బాధనే. కానీ కంపెనీ తప్పేం లేదు. ఎనుక రాసి ఉన్నది."

"నువ్వు సదివినవారా?" అంది ఈరమ్మ.

"ఎందుకు సదవలే."

"మరి నాకెందుకు చెప్పలే? నా బొమ్మ ఎనుక ఏం రాసిన్రో నేను ఎవల్ని అడగాలె?"

మహిపాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దుకాణదారులతో మాట్లాడీ మాట్లాడీ అలవాటైన నిదానం అతనిది. "జర శాంతంగ ఉండమ్మా. వారం దినాలైతే అందరు మర్చిపోతరు."

"గామె మర్చిపోతదా? మీ సార్‌కు చెప్పు. నా బొమ్మ తీసెయ్యుమను."

"తీసేస్తందుకు గోడ మీది పోస్టరా? అగ్రిమెంటు ఉన్నది. నువ్వు ఏలిముద్ర ఏసినవ్."

"మీ కంపెనోళ్లు ఇచ్చిన చీర ముట్టినట్టు ఏసిన. నువ్వే పక్కన నిలవడి చెప్పినవ్, చీర ముట్టినట్టు అని."

మహిపాల్ నేల వైపు చూశాడు. "చీర ముట్టినట్టు గూడ అండ్లనే ఉన్నది."

ఆ 'గూడ' అన్న మాట ఇంట్లో అటూ ఇటూ తిరిగి ఈరమ్మ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇంకేమున్నదిరా అండ్ల?"

"బొమ్మ. పేరు. నీ చేతి వంటకం అని చెప్పుకునే హక్కు. పదేండ్లు."

"మీ నాయిన కాయితం మీద ఏలు పెట్టిండు, జొన్నచేను పోయింది. గా చేను మీదనే మీ కంపెనీ షెడ్డు. ఇగ నేను ఏలు పెట్టిన, చెయ్యే పోయిందా?" ఈరమ్మ కేక వెయ్యలేదు. గొంతు ఇంకా కిందికి దిగింది. "చేను అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. మీ నాయినకు ఎరికయ్యే అమ్మిండు. నాతోని చెయ్యి అమ్మిపిచ్చినవ్, నాకు చెప్పకుంట."

"ఏందమ్మా చెయ్యి చెయ్యి. గా ఫొటో తీసిన దినం నువ్వే గద కంపెనీల వండినవ్. సారు ఏళ్లు నాకిండు."

"వండిన. మరి గది ఏడపాయె? ప్యాకెట్ల గదెందుకు లేదు?"

"సాయంత్రానికల్ల పాసిపోయింది నీ కిచిడి. పాసిపోయేది దుకాణంల నడుస్తదా?"

"అన్నమన్నంక పాసిపోతది. తొమ్మిది నెలలు పాసిపోనిదాన్ని తెచ్చి కడుపుల ఏస్తే, కడుపు దాన్ని ఏం చేసుకోవాలె?"

గడప పక్కన నిలబడ్డ గౌతమి పెదవి మీద నవ్వులాంటిది కదిలి మాయమైంది.

మహిపాల్‌కు నిదానం తప్పింది. "రెండేండ్ల సంది గీ ఇంట్ల గదే తింటున్నం. నువ్వు తినలేదా? ఎవలన్నా సచ్చిన్రా? వండుడు బందైనంక నీ మోకాళ్లకు సుఖమైతలేదా? అప్పుడు లేని రోషం ఇప్పుడెందుకు?"

ఆ దెబ్బ సరిగ్గానే తగిలింది.

"తిన్నరా," అంది ఈరమ్మ. "నా సుఖం నేను సూసుకున్న. గది నా తప్పే, నీ మీద ఎయ్యను. కానీ నేను తింటే నా కడుపు. పరాయి పిల్ల నోట్లె నా పేరు చెప్పి పెడితే అది నా మెడకు చుట్టుకుంటది."

"రేపు ఫంక్షన్ పెట్టుకొని ఇయ్యాల గీ లొల్లేందమ్మా," అన్నాడు మహిపాల్ విసుగ్గా. అన్నాక నాలుక కరుచుకున్నట్టు ఆగాడు.

"రేపు కంపెనీల నాకు సన్మానమని చెప్పినవ్ గద. నా సన్మానానికి, గీ లొల్లికి ఏం సంబంధం?"

లోపలి గదిలోంచి నీలవేణి వచ్చింది. చంకలో పిల్ల ఉంది, ఆరో నెల నిండిన చిట్టి, నిద్ర లేచిన ఎర్రటి బుగ్గలతో.

"సన్మానం కాదత్తమ్మా," అంది నీలవేణి. "కొత్త ప్యాకెట్ అంట. పసిపిల్లలదంట. 'ఈరమ్మ చేతి తొలి ముద్ద' అని పేరు వెట్టిన్రంట. రేపు పది గంటలకు స్టేజీ మీద నీతోని ఒక పిల్లకు ముద్ద పెట్టిపిచ్చి ఫొటోలు తీస్తరంట."

"ఏ పిల్లకు?"

నీలవేణి చిట్టిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అదే జవాబు.

"ఇయ్యాల పొద్దుగాల చెప్పిండు నాకు. అత్తమ్మకు చెప్పకు, అక్కడికి పోయినంక కాదనదు అన్నడు. చెప్పొద్దనే అనుకున్న. గీ అక్క మాటలు గోడ అవుతల నుంచి ఇన్నంక నోరు మూసుకొని ఉండబుద్ధి కాలే."

"ఏందే నువ్వు గూడ," అని మహిపాల్ లేచాడు. "గది వేరేనమ్మా. పిల్లల కోసమే చేసింది. మసాలా ఉండదు."

"ఏమేం ఉంటయో చెప్పు."

"సార్‌కు ఎరికే ఉంటది."

"నీకు ఎరిక లేదు. ఎరిక లేనిది నీ బిడ్డ నోట్లె, నా చేత్తోని, పదిమంది ముంగట పెట్టిస్తనని మాటిచ్చినవ్." ఈరమ్మ అరచేతిలో ఉన్న పొడిని కొడుకు అరచేతిలోకి వంచింది. "తీస్కో. గిది నీ కంపెనీది, నీ దగ్గరనే ఉండనియ్యి."

మహిపాల్ ఆ పొడి నిండిన చేతిని ఏం చెయ్యాలో తెలియక అలాగే చాపుకుని నిలబడ్డాడు. "ఉద్యోగం పోతదమ్మా. నీకెట్ల చెప్పాలె. పొద్దుగాల్నుంచి ఫొటోలాయన కంపెనీలనే కూసున్నడు, రేపటి కోసం. సార్‌కు నేను మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"గామెకు నేను ఎట్ల చూపిచ్చినో, నువ్వూ గట్లనే చూపియ్యి."

అతను బయటికి వెళ్లి, చెయ్యి గోడకు దులుపుకుని, వేపచెట్టు నీడలో ఫోను తీశాడు. సార్, మా అమ్మ జర మొండికేసింది సార్, మీరొకసారి మాట్లాడితే బాగుంటది సార్, అనడం లోపలికి వినబడుతూనే ఉంది.

ఈరమ్మ వినలేదు. కోడలి వైపు తిరిగింది. "నీలవేణీ. డ్రమ్ము మీది రాయి తియ్యి."

నీళ్ల డ్రమ్ము మూత ఎగిరిపోకుండా దాని మీద బరువుగా పెట్టింది ఇసుర్రాయి పై రాయి. కింది రాయి వెనక వాకిట్లో చెప్పులు విడిచే చోట ఉంది. నీలవేణి పిల్లను చాప మీద కూర్చోబెట్టి పై రాయి దింపింది. కింది రాయి ఒక్కతి వల్ల కాలేదు. అడగకుండానే గౌతమి వెళ్లి రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ దాన్ని తెచ్చి, మూడు నీళ్లు పోసి కడిగి, ఎండలో ఆరబెట్టి వంటింటి ముందు పెట్టారు.

"ఇప్పుడెందుకవ్వా ఇది?" అంది గౌతమి.

"తొలి ముద్ద ఒక్కసారే ఉంటది బిడ్డా. చిట్టికి ఇయ్యాల పెట్టేస్త. రేపు స్టేజీ మీద వాళ్లు ఏం పెట్టినా అది తొలి ముద్ద గాదు. ఇగ ఎవల నోరు తెచ్చుకుంటరో తెచ్చుకోనియ్యి."

గౌతమి చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. "నేనూ సూస్త," అంది. "నువ్వు ఏమేస్తవో, ఎట్ల వండుతవో, పిల్ల ఎట్ల తింటదో నా కండ్లతోని సూస్త. సూసినంక చెప్త, నా పిల్లను నీ దగ్గరికి తెచ్చేదీ లేనిదీ."

"సూడు. నువ్వు సూడకపోతే నేను వండినా ఒకటే, వండకున్నా ఒకటే."

పక్కింటి నుంచి రెండు గుప్పెళ్ల పెసరపప్పు తెప్పించింది. ఇంట్లో పప్పు కూడా లేదు, అదీ ఆ ఇంటి పరిస్థితి. బియ్యం రెండుసార్లు కడిగి గుడ్డ మీద ఆరేసింది. పప్పును ఉత్త మూకుట్లో సన్నటి మంట మీద వేయించింది. వాసన వచ్చిందో లేదో, చాప మీది చిట్టి తల తిప్పింది. రెండేళ్ల తర్వాత ఆ ఇంట్లో లేచిన మొదటి వాసన అది. ఇసుర్రాయి కట్టె పట్టుకునేసరికి ఈరమ్మ మోకాలు నొప్పిని గుర్తు చెయ్యడం మానేసింది. రాయి తిరుగుతుంటే ఎర్రటి రవ్వ అంచుల నుంచి జారింది. గౌతమి కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. వాసన చూసింది. చిటికెడు నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు?" అని మాత్రం అడిగింది, గిన్నెలో రవ్వ ఉడుకుతుండగా.

"ఏడాది పిల్ల అయ్యేదాంక ఉప్పెందుకే? తల్లిపాలల్ల ఉన్న ఉప్పు చాలదా?"

గౌతమి పమిట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొగ లేదు, అది గ్యాసు పొయ్యే.

గిన్నె దించి, వెన్నపూస అంత మెత్తగా మెదిపి, నెయ్యి చుక్క వేసి, ఈరమ్మ తన మణికట్టు మీద పెట్టుకుని వేడి చూసింది. నీలవేణి చిట్టికి మొహం కడిగి, బొట్టు పెట్టి, అత్త ఒడిలో కూర్చోబెట్టింది. మూడు వేళ్ల మధ్య రేగుపండంత ముద్ద. పక్కన ఇసుర్రాయి, ఎదురుగా చేతులు కట్టుకుని రెప్ప వెయ్యకుండా గౌతమి. ఈరమ్మ ముద్ద ఎత్తింది.

సందులో కారు హారన్ మోగింది. తలుపులు పడిన చప్పుడు. మహిపాల్ ముందు, వెనక రుచిధార ఫుడ్స్ మేనేజరు జనార్ధనరావు. కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన గడప దగ్గరే చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, ఆగిపోయాడు. ముసలామె, ఒడిలో పిల్ల, రాయి, ఆవిరి లేస్తున్న గిన్నె. ఆయన ముఖం వెలిగింది.

"అమ్మా, దయచేసి కదలకండి. అలాగే ఉండండి," అన్నాడు నెమ్మదిగా, గుడిలో మాట్లాడినట్టు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. "భూషణం, త్వరగా రావయ్యా. ఆ తిరగలి కూడా రావాలి ఫొటోలో. ఇంక స్టేజీ ఎందుకు మహిపాల్? మనక్కావలసింది ఇదేగా. అచ్చం ఇదే వేద్దాం కొత్త ప్యాకెట్ మీద."

భూషణం మెడలో కెమెరాతో మోకాలి మీద కూర్చుని కంటికి ఆనించుకున్నాడు.

ఈరమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. ముద్ద పెడితే, రేపటి నుంచి ప్రతి దుకాణంలోనూ ఈ ముద్దే, ఈ చెయ్యే, ఈ పిల్లే. ఎన్ని పీటల మీద నిలబెడతారో, ఎంతమంది కుంకుమ పెడతారో. దించేస్తే, ఎదురుగా నిలబడ్డ గౌతమి తనను ఏమనుకోవాలి?

"పెట్టండమ్మా, పెట్టండి," అన్నాడు జనార్ధనరావు.

గౌతమి చూపు ముద్ద మీదనే ఉంది. చిట్టికి ఇవేవీ తెలియవు. నోరు ఇంత తెరిచి, రెండు చేతులతో నాయనమ్మ వేళ్లను పట్టుకుని, తన వైపు లాక్కోవడం మొదలుపెట్టింది.